ఎవరింటి పిల్ల?

పూర్వం ఒక రాజ్యంలో, పసిబిడ్డను సాకే ఇంటికి శిస్తు మాఫీ అని రాజుగారు చాటింపు వేయించారు. తల్లి లేని మనవరాలిని పెంచుతున్న కోనయ్య మాఫీ అడిగితే, శిస్తు అధికారి కసిరాడు.

"ఆ పిల్ల మీ ఇంటిది కాదు, నీ అల్లుడింటిది. శిస్తు కడతావా, ఎద్దును తోలుకుపోనా?"

కోనయ్య శిస్తు డబ్బు కోసం మొల తడుముకున్నాడు. అతని భార్య పోలమ్మ మనవరాలిని చంకనేసుకుని ముందుకొచ్చింది.

"చిత్తం బాబూ. పుట్టినప్పటి నుంచీ ఈ పిల్లకు మా ఇంటి లెక్కలోనే తలపన్ను వసూలు చేశారు. మా ఇంటిది కాకపోతే ఆ సొమ్ము తిరిగివ్వండి, మా ఇంటిదే అయితే మాఫీ ఇవ్వండి. ఏది న్యాయమో రాజుగారినే అడుగుదామా?"

అధికారి మాఫీ రాసిచ్చి గుర్రమెక్కాడు.

ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని కోనయ్య అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"అట్లా చూస్తావేమయ్యా? పిల్లను పట్టుకో, అన్నం కలపాలి," అంది పోలమ్మ.