మిగతా మూడు చెంబులు

కరీముల్లాకి లెక్కంటే ప్రాణం. రేవుకి వచ్చే దారిలో నాలుగు సుంకం చౌకీలున్నాయి. ఆ చౌకీలు దాటే సరుకు చిట్టాలన్నీ కూడేది అతనే. ఆ ఏడు మొత్తం నాలుగు వందల మూటలు తేలాయి. ఓడ ఎక్కినవి చూస్తే వందే.

మూడు వందల మూటలు గాల్లో కలిసిపోతాయా? బట్టలు చలవచేసే సోమన్నని రేవు అధికారి పట్టుకెళ్ళి కొట్లో పడేశాడు. సరుకు ఒడ్డున ఆరేసేది అతనే కాబట్టి దొంగ కూడా అతనేనట! మర్నాడు సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే కొరడా దెబ్బలు.

సోమన్న దొంగంటే కరీముల్లాకి నమ్మబుద్ధి కాలేదు. తన లెక్క తప్పంటే అసలే నమ్మబుద్ధి కాలేదు. తెల్లవారగానే సముద్రపొడ్డు దర్గాలో ఉండే తన గురువు నూరుల్లా బాబా దగ్గరికి పోయాడు.

మంచు ఇంకా విడలేదు. సోమన్న ఆరేసి వదిలేసిన బట్టలు తాళ్ళ మీద మెల్లగా ఊగుతున్నాయి. ఎక్కడ బట్ట అయిపోయిందో, ఎక్కడ సముద్రం మొదలైందో తెలియడం లేదు.

కరీముల్లా సోమన్న సంగతంతా చెప్పాడు. "మూడుసార్లు కూడి చూశాను బాబా. పిసరు తేడా లేదు."

"ఏం సరుకురా అది?"

"మొదటి చౌకీలో నూలు. రెండోదాంట్లో నేసిన బట్ట. మూడోదాంట్లో చలవచేసింది. నాలుగోదాంట్లో రంగులద్దింది. ఒక్కోచోట వంద మూటలు."

బాబా శిష్యులని పిలిచాడు.

"దాహంగా ఉంది. షర్బత్ చేయిస్తాను. నువ్వు ఇక్కడే కూర్చుని లెక్క రాయి."

నలుగురు శిష్యులు వరసగా నిలబడ్డారు. ఒకడు బావి నీళ్ళతో చెంబు నింపాడు. రెండోవాడు బెల్లం కలిపాడు. మూడోవాడు నిమ్మకాయ పిండాడు. నాలుగోవాడు సబ్జా గింజలు వేశాడు. తన పని అవగానే ఒక్కొక్కడూ "ఒక చెంబు" అంటూ పక్కవాడికి అందించాడు. ఆ మాట వినపడ్డప్పుడల్లా కరీముల్లా అలవాటు కొద్దీ గీత గీశాడు.

చెంబు బాబా చేతికొచ్చింది.

"ఎన్నిరా?"

"నాలుగు, బాబా."

"నాకు ఒకటే అందింది. మిగతా మూడూ ఎవడు తాగేశాడు? నిమ్మకాయ పిండినవాణ్ణి కట్టేద్దామా?"

కరీముల్లా వేలు ఆ గీతల మీదే ఆగిపోయింది. రేవు అధికారికి చెప్పడానికి లేచి, చిట్టాలు చంకన పెట్టుకుని గుమ్మం దాటబోయాడు.

"ఆగరా," అన్నాడు బాబా. గుక్కైనా తాగని ఆ చెంబు అతని చేతిలో పెట్టాడు.

"సోమన్నకి ఇయ్యి. నీ లెక్క తేలిన కాణ్ణించీ అతను గొంతు తడుపుకోలేదు."