పెంటమ్మకి బొట్టు వద్దు, మూత చాలు

ఊఁ కొడతారా మరి? మధ్యలో ఆవులిస్తే అక్కడికక్కడే ఆపేస్తాను, తర్వాత బతిమాలినా చెప్పను.

అప్పుడెప్పుడో, మీ తాతకి తాత ఉయ్యాల్లో ఉగ్గు తాగుతున్న కాలంలో, కొండ కింద ఒక సంత జరిగేది. ఆ సంత ఊడ్చే మనిషి పేరు పెంటమ్మ. నవ్వకండర్రా! ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, ఈ పిల్లైనా దక్కాలని పెంటకుప్ప మీద ఓసారి పడుకోబెట్టి తెచ్చుకుని, ఆ పేరు పెట్టుకుంది వాళ్లమ్మ.

పెంటమ్మకి ఒకటే అలవాటు. ఊడుస్తూ ఊడుస్తూ ఆగిపోయేది. చీమలు బారు తీరితే "ఇదేటి చెప్మా?" అనేది. వంకాయ వంకర తిరిగితే "ఇదేటి చెప్మా?" అనేది. "దీనికి చీపురు పట్టే పని కన్నా చోద్యం చూసే పని ఎక్కువ" అని సంతంతా ఆటపట్టించేది. ఆవిడా నవ్వేది.

ఆ ఏడు దగ్గుజబ్బు వచ్చింది. మామూలు దగ్గు కాదు, మనిషిని మంచానికి అంటించేసే దగ్గు. ఊరిపెద్ద నారంనాయుడు చాటింపు వేయించాడు. "సంతకొచ్చేవాళ్లంతా మూతికీ ముక్కుకీ గుడ్డ కట్టుకోవాలహో!" అందరూ గుడ్డకి తాళ్లు కుట్టి కట్టుకున్నారు, పాపం బుద్ధిమంతులే. విప్పిన గుడ్డ ఏం చెయ్యాలో మాత్రం చాటింపులో లేదు. దాంతో ఎక్కడ విప్పితే అక్కడే పడేసేవారు.

సంత చివర ఒక రేగుపొద. గాలికి ఎగిరిన గుడ్డ ఒకటి దాని ముళ్లకి చిక్కుకుంది. అటుగా పోతున్న ఒకావిడ చూసింది. మనవాళ్ల సంగతి తెలిసిందేగా, ముళ్లపొదకి గుడ్డపీలిక కనబడితే దణ్ణం పెట్టకుండా కదలరు. "ఓలమ్మో, ఇక్కడ అమ్మ వెలిసినట్టుంది!" అని తన మూతిగుడ్డ విప్పి కట్టింది. వెనకాల వచ్చినావిడ కట్టింది. ఆవిడ వెనకాల వచ్చినాయన కట్టాడు. ఇంకేముంది, కొన్ని సంతలు తిరిగేసరికి పొద కనబడ్డం మానేసింది, గుడ్డలే కనబడ్డాయి.

పెంటమ్మకి ఓ మనవరాలుండేది, పేరు పైడి. తల్లీతండ్రీ లేని పిల్ల. పెంటమ్మకి లోకంలో ఉన్నదల్లా ఆ గుంటే. ఒకరోజు పైడి దగ్గింది. మర్నాటికి ఒళ్లు కాలిపోయింది. ఊళ్లో ఇంకా చాలామంది పిల్లలు అలాగే పడ్డారు.

పెంటమ్మ గుండె గుభేలుమంది. అయినా అలవాటు పోతుందా? "సంతరోజున గడప దాటని పిల్ల. జనంలోకి రాని పిల్ల. దగ్గు దీన్నెలా పట్టుకుంది? ఇదేటి చెప్మా?"

పక్కింటావిడ "గాలి" అంది. గాలైతే పెద్దాళ్లని వదిలేసి ఈసారి పిల్లల్నే ఎందుకు పట్టింది? గొర్రెలకాపరి "నీళ్లు" అన్నాడు. ఊరంతటికీ ఒకటే నుయ్యి కదా! మంత్రసాని "దిష్టి" అంది. ఊళ్లో పిల్లలందరికీ ఒక్కసారే దిష్టి తగులుతుందా? ఆలోచిస్తూ పైడి పక్కన కూలబడింది. పిల్ల గుండెలకి హత్తుకున్న కొయ్యబొమ్మని తీసి పక్కన పెట్టబోయింది. బొమ్మ చీర కట్టుకుంది. చీర కొసన తాడుంది.

చీరకి తాడేటి చెప్మా?

"ఎక్కడిదే ఇది?"

"సంత లేనప్పుడు పొదమ్మ దగ్గర తెచ్చుకున్నాం మామ్మా. బొమ్మలపెళ్లికి. అందరం తెచ్చుకున్నాం."

పెంటమ్మ ఆ చీర విప్పి చూసింది. దగ్గినవాళ్లెవరిదో మూతిగుడ్డ!

తర్వాతి సంతరోజున పొదకి అడ్డంగా నిలబడింది. "కట్టకండి బాబూ, పిల్లలు చచ్చిపోతారు!" జనం గయ్యిమన్నారు. "అమ్మవారితో ఆటలా?" నారంనాయుడు పరుగున వచ్చాడు. "పెంటమ్మా, ఆ పొద మీద చెయ్యి వేశావంటే ఊళ్లో ఉండవు."

"ఎయ్యను బాబూ. ఒక్క మాట చెప్పండి. ఈ అమ్మ పేరేటి?"

"పోలమ్మ" అన్నారొకరు. "కాదు, గంగమ్మ" అన్నారింకొకరు. "మా అత్తకి కల్లో కనబడింది, ముత్యాలమ్మ!" అన్నారు మరొకరు. మాటా మాటా పెరిగింది. ఆ గోల విని తమలపాకులు అమ్మే దాలయ్య వచ్చాడు. పొదని చూశాడు. గుడ్డల్ని పక్కకి తప్పించి అడుగున ఉన్నదాన్ని చూశాడు. బుర్ర గోక్కున్నాడు.

"ఆకు నమిలితే కారిన మరక చూడండర్రా. ఇది నా గుడ్డే. చెమటకి తడిసిపోయిందని ఆ రోజు విసిరేశాను. ఏ అమ్మా లేదు."

దణ్ణాలు పెట్టిన చేతులు మెల్లగా వెనక్కి పోయాయి. సరే, మరి ఇప్పుడీ గుడ్డలు తీసేదెవరు? నాయుడు ఒకడుగు వెనక్కి వేశాడు. దాలయ్య వేశాడు. అందరూ వేశారు.

పెంటమ్మ మూతికి గుడ్డ బిగించింది. పంగలకర్రతో ఒక్కో గుడ్డా లాగి మట్టిబానలో వేసింది, మూత పెట్టింది. లాగింది, వేసింది, మూత పెట్టింది. ముళ్లకి చిక్కినవాటిని చేత్తోనే పీకింది. పొద్దుగూకేదాకా పీకి, బాన మోసుకెళ్లి గుడ్డలన్నీ గోతిలో తగలబెట్టింది.

పైడి కోలుకుంది. పిల్లలంతా కోలుకున్నారు. పెంటమ్మే మంచం పట్టింది.

అప్పుడు కదిలొచ్చారు జనం! పళ్లెంలో పసుపూ కుంకం పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డారు. "నిన్నే అమ్మని చేసుకుంటాం తల్లీ. సంతలో బాన పెట్టి దానికి బొట్టు పెడతాం."

పెంటమ్మ నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. "మళ్లీ మొదలెట్టారా? నాకు బొట్టొద్దర్రా. బానకి మూత పెట్టండి, చాలు."

ఆ మాట అని పోయింది.

ఆ సంతలో ఈ రోజుకీ దారి చివర మట్టిబాన ఉంటుంది. గుడ్డలు పోయి మాస్కులొచ్చినా, తాడు పట్టుకుని విప్పి అందులోనే వేస్తారు. కొత్తవాళ్లెవరైనా పొరపాటున దణ్ణం పెడితే, పిల్లలు పకపకా నవ్వి "అమ్మవారు కాదండీ, మా సంత ఊడ్చినావిడ" అంటారు. పైడి పండు ముసలిదయ్యేదాకా బతికిందట. ఎవరైనా కుంకం తెస్తే బానకి అడ్డంగా చెయ్యి పెట్టి "మా మామ్మ వద్దంది" అనేదట.

ఆ ఊళ్లో సంత నుంచి వచ్చినవాళ్లని ఏం తెచ్చావని ముందు అడగరు. గుమ్మంలోనే ఆపి అడుగుతారు: "మూత పెట్టొచ్చావా?"