నింపాదయ్య సగం గూడు

అనగనగా ఒక అడవి. పులులు తిరిగే అడవి కాదులే, మంచం దిగి పారిపోకండి. ఆ అడవి అంచున ఒక వాగు, వాగు మీదికి వంగిన ఒక తుమ్మచెట్టు. చెట్టు నిండా గిజిగాళ్లు.

గిజిగాళ్లకు ఒక ఆచారం ఉంది. తొలకరి పడగానే మగపిట్ట సగం గూడు అల్లుతుంది. ఆడపిట్ట వచ్చి దాన్ని ముక్కుతో లాగి, మీద కూర్చుని ఊగి చూస్తుంది. నచ్చితే పెళ్లి. పెళ్లయ్యాక మిగతా సగం. ముసురు పట్టేలోపు అంతా పూర్తి కావాలి. లేకపోతే గుడ్లు తడిసిపోతాయి.

ఆ చెట్టు మీద నింపాదయ్య అని ఒక గిజిగాడు ఉన్నాడు. రెండేళ్లుగా వాడికి పెళ్లి కాలేదు. ఈ ఏడైనా తన గూట్లో పిల్లల కిచకిచ వినాలని వాడికి చచ్చేంత ఆశ. ఆశకు తగ్గ భక్తి కూడా ఉంది. భక్తికి తగ్గ పనే లేదు.

తొలకరి పడింది. వాగు ఒడ్డున గడ్డి మూరెడు లేచింది. ఆకులు మెత్తగా, చీలిస్తే పట్టుదారంలా వస్తున్నాయి. పక్క కొమ్మ మీది గంగులు ముక్కున ఒక పీచు పట్టుకుని వచ్చాడు.

"బావా, ఆకు మంచి పదునులో ఉంది. రా, పోదాం," అన్నాడు.

నింపాదయ్య కళ్లు మూసుకునే జవాబు చెప్పాడు. "ప్రార్థనలో ఉన్నాను. దేవుడు వేళ చూపించగానే మొదలుపెడతా. నీకు నమ్మకం తక్కువ గంగులూ, అందుకే అంత తొందర."

"సరే బావా," అని గంగులు ఎగిరిపోయాడు.

వారం గడిచింది. గంగులు అల్లిన సగం గూడును గాలి ఊడబెరికి వాగులో పడేసింది. నింపాదయ్య ఎంత ఓదార్చాడో చూడండి. "చూశావా? ఆయన వేళ రాకముందే అల్లావు. నన్ను చూడు, నాకు ఒక్క పీచు కూడా నష్టం లేదు."

గంగులు నవ్వి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ముడులు గట్టిగా బిగించాడు. లోపల తడిమట్టి మెత్తాడు. "నీకూ నాలుగు పీచులు తెచ్చిపెట్టనా బావా?" అని అడిగాడు కూడా.

"ఇవాళ వద్దు. పొద్దున్నే బల్లి పలికింది."

మర్నాడు గాలి తూర్పు నుంచి వీచింది, అదీ మంచిది కాదట. ఆ మర్నాడు అన్నీ బాగానే ఉన్నాయి. అంత బాగుండటం చూసి నింపాదయ్యకు అనుమానం వచ్చింది. ఆగిపోయాడు.

తర్వాత ఒక ఉదయం పైడమ్మ వచ్చింది. ఆ వాగు మొత్తానికి గూళ్లు చూడటంలో ఆమెను మించిన ఆడపిట్ట లేదు. నేరుగా నింపాదయ్య కొమ్మ మీదే వాలింది. వాడి గుండె కిందికీ మీదికీ ఊగింది.

"గూడు ఎక్కడండీ?" అంది పైడమ్మ.

"వస్తుంది. నా మనసులో పూర్తిగా ఉంది. గాలి రానివ్వని గది, పొడుగాటి ద్వారం..."

"గుడ్లు కూడా మీ మనసులోనే పెట్టమంటారా?"

నింపాదయ్య గొంతు సవరించుకున్నాడు. "దేవుడి వేళ కోసం ఎదురుచూస్తున్నానమ్మా."

"నేనూ ఆయన్ని అడిగే బయల్దేరానండీ," అని పైడమ్మ పక్క కొమ్మకు ఎగిరింది. గంగులు గూడును మూడుసార్లు లాగింది. అది ఊడలేదు. లోపల దూరి కూర్చుంది. మళ్లీ బయటికి రాలేదు.

అప్పుడు లేచాడండీ నింపాదయ్య. ఒక్క ఊపున వాగు ఒడ్డుకు దిగాడు. గడ్డి అప్పటికే ముదిరి గింజ పట్టింది. ఆకు కొరికి లాగితే పుటుక్కున తెగింది. ఇంకోటి లాగాడు, అదీ తెగింది. రోజంతా లాగి, బెత్తెడు పీచులతో ఒక ముద్ద చుట్టాడు. కాకి దాన్ని చూసి, ఎవరో తిని పారేశారనుకుంది.

మూడో నాడు ముసురు పట్టింది. గంగులు అప్పటికే గూటికి పొడుగాటి ద్వారం దించేశాడు. లోపల పైడమ్మ పొడిగా, వెచ్చగా గుడ్ల మీద కూర్చుంది. నింపాదయ్య రెక్కలు ముడుచుకుని కొమ్మ మీద తడుస్తున్నాడు.

"దేవుడు నన్ను మరిచిపోయాడు గంగులూ," అన్నాడు వణుకుతూ.

గంగులు ద్వారంలోంచి తల బయటపెట్టాడు. "లేదు బావా. మెత్తటి గడ్డి పంపాడు. పని చేసుకోమని తెరిపి ఇచ్చాడు. పైడమ్మను నా దగ్గరికి కాదు, మొదట నీ దగ్గరికే పంపాడు. మూడుసార్లూ వేళ తప్పకుండా నీ గూటి దాకా వచ్చాడు."

"నాకు గూడెక్కడుంది?"

"అదే చూసి వెళ్లిపోయాడు."

నింపాదయ్య గంగులు గూటి దగ్గరికి జరిగాడు. వానలో ఈసారి ప్రార్థన చేయలేదు. మెల్లగా అడిగాడు.

"మొదటి ముడి ఎలా వేస్తారు గంగులూ?"

నీతి: దేవుడు వేళ తప్పడు, ఆయన వచ్చేసరికి మన పని సిద్ధంగా ఉండటమే ఆయన్ని నమ్మడం.