మాస్టారు కుర్చీ వదలని మధ్యాహ్నం

హైమకి లాజరు మాస్టారితో ఒకటే పేచీ. తను పని చేస్తుంటే ఆయన వచ్చి పక్కన కూర్చుంటారు.

విజయనగరంలోని ఆ రక్తనిధిలో కంప్యూటర్లు చూసుకునేది వాళ్ళిద్దరే. మాస్టారు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఈ పనిలోకి వచ్చారు. హైమ ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరి ఏడాది దాటింది. చుట్టుపక్కల జిల్లాల్లో ఏ గ్రూపు రక్తం ఏ ఊళ్ళో ఉందో చూపించే సర్వర్ వాళ్ళ చేతిలో ఉంది. యంత్రం మాత్రం హైదరాబాదులో ఎక్కడో అద్దెకి తీసుకున్న చోట ఉంది. కొండల మీది ఆసుపత్రులన్నీ దాన్ని చూసే రక్తం కోసం బండి పంపుతాయి.

అంటే అది లోకానికి తలుపు తెరిచి ఉంచాల్సిన యంత్రం. తెరిచిన తలుపు దగ్గరికి అయినవాళ్ళే రారు కదా. ఏ దేశపు దొంగలో రాత్రీ పగలూ పాస్‌వర్డులు ఊహిస్తూ బాదుతూనే ఉంటారు. వేరే ఊళ్ళో ఒక ఆసుపత్రి కంప్యూటర్ ఫైళ్ళకి దొంగలు డబ్బిస్తేనే తీస్తామని తాళాలు వేసేశారని విన్నప్పటి నుంచి హైమకి కంటి మీద కునుకు లేదు.

ఆ దిగులుతోనే పట్టుపట్టి చదివి, కొత్త ఫైర్‌వాల్ నియమాలు రాసింది. ఫైర్‌వాల్ అంటే గుమ్మం దగ్గర కాపలావాడు. ఎవరైనా వస్తే చేతిలో ఉన్న నియమాలు పైనుంచి కిందికి చదువుతాడు. మొదట ఏది సరిపోతే దాని ప్రకారం లోపలికి పంపుతాడు, లేదా వెనక్కి పంపేస్తాడు. కింద ఇంకేం రాసి ఉన్నా చదవడు.

ఆ మధ్యాహ్నం ఆ నియమాలు సర్వర్‌లో పెట్టడానికి హైమ కూర్చుంది. మాస్టారు అలవాటు ప్రకారం పక్క కంప్యూటర్ ముందుకి కుర్చీ లాక్కుని, తనూ సర్వర్‌లోకి లాగిన్ అయ్యారు. ఆమె రాసింది ఏమిటని అడగలేదు. తను ఏమీ రాయలేదు. ఉండుండి ఎంటర్ మీట ఒకసారి నొక్కుతారు, అంతే.

పాలు పొంగిస్తుందేమోనని కోడలి వెనకాలే నిలబడ్డ అత్తగారిలా ఏమిటీయన, అనుకుంది హైమ.

"మాస్టారూ, మీరు భోంచేసి రండి. ఇది నేను చూసుకుంటాను."

"ఆకలిగా లేదు. నువ్వు కానియ్యమ్మా."

ఆకలి లేకపోవడమేమిటి, ఆయన షుగరు మనిషి. వేళ తప్పితే చేతులు వణుకుతాయి. క్యారేజీ బల్ల మీద మూత తియ్యకుండా అలాగే ఉంది. అయినా కదల్లేదంటే తన మీద అంత అపనమ్మకమన్నమాట. ఆ ఉక్రోషంతోనే ఆఖరి మీట గట్టిగా నొక్కింది. తెర మీద ఏ తప్పూ చూపించలేదు. హైమ సర్వర్‌లోంచి బయటికి వచ్చేసి వెనక్కి వాలింది.

"అయిపోయింది మాస్టారూ. ఇక ఎవ్వరూ లోపలికి రాలేరు."

"నువ్వో?"

హైమ నవ్వి, ఆయనకి చూపిద్దామని మళ్ళీ లాగిన్ కాబోయింది. రాలేదు. ఇంకోసారి చూసింది. రాలేదు. ఆసుపత్రులు చూసే పేజీ తెరిచింది. తెల్లటి తెర తప్ప ఏమీ లేదు.

ఇంతలో ఫోన్ మోగింది. సాలూరు ఆసుపత్రి లాబ్‌లో పనిచేసే అప్పన్న.

"అమ్మా, మీ పేజీ రాట్లేదండి. కాన్పు కేసండి, రక్తం ఆగట్లేదు. ఓ నెగటివ్ గ్రూపు కావాలి. ఏ ఊళ్ళో ఉందో చెప్తే బండి పంపుతాం. ఉన్నది ఒకటే బండండి."

హైదరాబాదుకి ఫోన్ చేసి, అక్కడెవరినో బతిమాలి, వాళ్ళు యంత్రం దగ్గరికి వెళ్ళి సరిచేసేసరికి ఎంతసేపవుతుందో. అప్పటిదాకా ఆ తల్లి ఆగుతుందా. "లైన్లో ఉండండి," అంది.

లాజరు మాస్టారు లేచి తన కుర్చీ ఆమె వైపు తిప్పారు.

"ఇక్కడ కూచో."

ఆయన తెర మీద సర్వర్ తెరిచే ఉంది. అప్పటికే లోపలున్నవాణ్ణి కాపలావాడు బయటికి గెంటలేదు. వాడుక లేక ఆ దారి తెగిపోకుండా ఆయన ఇందాకటి నుంచీ మీట నొక్కుతూ కాపాడుతున్నారని హైమకి అప్పుడు తెలిసింది.

తను రాసిన నియమాలు పైనుంచి చదివింది. 'అందరినీ ఆపు' అన్నది అన్నిటికన్నా అడుగున ఉండాలి. అది పైన రెండో వరసలో పడింది. ఆసుపత్రులకి దారి వదలమన్న మాట దాకా కాపలావాడు చదవనే లేదు. హైమ దాన్ని తీసి చివరికి చేర్చింది.

"వచ్చిందండి," అన్నాడు అప్పన్న. ఊళ్ళ పేర్లు చూసి, "బొబ్బిలిలో ఉందండి. బండి పంపించేస్తున్నాం," అని పెట్టేశాడు.

హైమ తన కంప్యూటర్ నుంచి మళ్ళీ లాగిన్ అయి చూపించాకే మాస్టారు తనూ సర్వర్‌లోంచి బయటికి వచ్చారు. క్యారేజీ దగ్గరికి వెళ్ళారు. వేళ్ళు వణికి మూత రావడం లేదు. హైమ పరుగున వెళ్ళి మూత తీసి, అన్నం పెట్టి, మంచినీళ్ళు పెట్టింది. ఈయన గనక లేచి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో అనుకుంది. ఇంత ఉపకారం చేస్తున్న మనిషినా ఇన్నాళ్ళూ అత్తగారనుకున్నాను అని కళ్ళు తుడుచుకుంది.

ఆయన తిన్నాక కూడా అక్కణ్ణుంచి కదల్లేదు. బండి చేరిందనీ, రక్తం ఎక్కిస్తున్నారనీ, ఇక భయం లేదంటున్నారనీ అప్పన్న మళ్ళీ ఫోన్ చేశాడు. అప్పుడు హైమ అడిగింది.

"నేను తప్పు చేస్తానని మీకు ముందే తెలుసు కదూ మాస్టారూ?"

"తెలిస్తే ఆపేవాణ్ణి కదమ్మా," అన్నారాయన. "తెలీదు గనకే కూచున్నాను."