సన్నాసమ్మ చుక్క

ఎన్నేళ్ల కిందటి మాటో నన్నడక్కండి. ఊరూరా గానుగకి ఎద్దు తిరిగే కాలం. మీరు ఊ కొడుతుంటే చెబుతాను, ఊ ఆపారో లేచి వెళ్లిపోతాను. సరేనా?

గానుగపాలెం అని ఒక ఊరు. ఊరంతా నువ్వులు గానుగాడి బతికేవాళ్లే. వాళ్లకో పట్టింపు ఉండేది. నూనె అంటే లక్ష్మి అట. చేతికంటిన నూనెని నీళ్లతో కడిగితే లక్ష్మిని వీధిలో పారబోసినట్టే అట. అంచేత ప్రతి గానుగ పక్కనా ఒక గుడ్డ వేలాడేది. చేతులు దానికే తుడిచేవారు. చెమట పడితే మొహమూ దానితోనే తుడిచేవారు. మొహం నిగనిగలాడుతుంటే "అబ్బ, లక్ష్మీకళ!" అని మురిసిపోయేవారు. కళేమిటో, నా మొహం!

ఆ ఊళ్లో దాలమ్మ అని ఒకావిడ. ఆవిడకి అందరి మీదా అనుమానమే. పాలల్లో నీళ్లు కలిశాయని అనుమానం. ఎద్దుకి ఎవరిదో దిష్టి తగిలిందని అనుమానం. పొరుగింటి ఎర్రాయమ్మ నవ్వితే, ఎందుకు నవ్విందా అని అనుమానం. ఈవిడకి ఒక్కగానొక్క కూతురు గున్నమ్మ. పదిహేనేళ్లది. ఆ పిల్ల మొహం చూసుకుంటే చాలు, దాలమ్మకి కడుపు నిండిపోయేది.

ఆ ఊరి బట్టలన్నీ ఉతికేది సన్నాసమ్మ. ముసల్ది, ఒంటరిది. నోట్లో నాలుక లేని మనిషి. కానీ గుడ్డ చూసి మనిషి సంగతి చెప్పేది. తలగడ గుడ్డ మీద నూనె మరక, గోరు తగిలిన చోట చిన్న రక్తపు చుక్క, ఇవి చూస్తే చాలు దానికి.

ఒకనాడు ఎర్రాయమ్మతో అంది. "అమ్మా, గానుగ గుడ్డ మీ పిల్ల మొహానికి తగలనివ్వకండి. మొటిమలొస్తాయి."

ఎర్రాయమ్మ కస్సుమని లేచింది. వారం తిరిగింది. పిల్ల నుదుటి నిండా మొటిమలు!

చివరింటి వాళ్లతో అంది. వాళ్లూ కసిరారు. వారం తిరిగింది. పిల్లాడి గడ్డం నిండా మొటిమలు!

మూడోసారి దాలమ్మ గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా, గున్నమ్మ తలనూనె నుదుటి మీదికి దిగుతోంది. కాస్త మొహం కడుక్కోమనండి, గానుగ గుడ్డ వద్దనండి. లేకపోతే..."

"నోర్ముయ్యవే! నా పిల్ల మొహం మీద నీ నోరు పడిందంటే చూడు!"

వారం తిరిగింది. గున్నమ్మ బుగ్గ మీద మూడు మొటిమలు.

"నే చెప్పలేదూ? దాని నాలుక మీద మచ్చుంది!" అని దాలమ్మ గుండెలు బాదుకుంది. ఊరంతా అదే మాట. దాని నాలుక మీద మచ్చుంది. దాని నాలుక మీద మచ్చుంది.

ఇక వైద్యం మొదలెట్టింది తల్లి. మొదటి రోజు ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసింది. ఇల్లంతా దగ్గింది గానీ మొటిమలు తగ్గలేదు. రెండో రోజు పిల్లని ఒళ్లో కూచోబెట్టుకుని మూడు మొటిమలూ గోళ్లతో చిదిమింది. మూడో రోజు నిమ్మరసంలో మిరియాలు నూరి రుద్దింది. ఆ పిల్ల పెట్టిన కేకకి గానుగెద్దు నిలబడిపోయింది. మూడు మొటిమలూ చీము పట్టి రేగుపళ్లంత అయి కూచున్నాయి.

ఆ వారమే, సన్నాసమ్మ ఉతికి తెచ్చిన బట్టలు దాలమ్మ మడత పెడుతుంటే, ఒక తుండుగుడ్డ మూల నల్ల చుక్క కనబడింది. ఇంకో గుడ్డ తీసింది. దానికీ చుక్కే. ఆవిడ ఆ రెండు గుడ్డలూ చేతబట్టుకుంది. ఎర్రాయమ్మ ఇంటికి పరిగెత్తింది. అక్కడా చుక్కలే.

"చూశారా! గుడ్డల మీద చుక్కలు పెట్టింది, మన పిల్లల మొహాల మీద మొటిమలు లేచాయి! ఇది చేతబడి కాకపోతే ఏమిటి?"

సన్నాసమ్మని గానుగ దగ్గరికి పిలిచి నిలబెట్టారు.

"నల్లజీడి గింజ పాలతో పెట్టిన చుక్క తల్లీ" అంది అది. "బట్టలకి గుర్తు పెట్టేదే కదా. చుక్కున్న గుడ్డ మొహానికి, చుక్క లేనిది చేతులకి. నోటితో చెబితే తిడుతున్నారని..."

చెప్పనిస్తేనా! "పో! మా పొలిమేర దాటి పో!" అని తరిమేశారు. నలభై ఏళ్లు ఆ ఊరి మురికి వదిలించిన మనిషి ఉత్త చేతులతో వెళ్లిపోయింది. కొండదిగువలో చెల్లెలుందట, అక్కడికి చేరింది. ఎవరికైనా అయ్యో అనిపించిందా? నాకు తెలిసి లేదు.

మరి నోరు ఊరు దాటిపోయింది కదా, మొటిమలు పోవాలి కదా? పోలేదు. బట్టలు ఉతికేవాళ్లు లేక గానుగ గుడ్డలు జిడ్డుతో అట్టలు కట్టాయి. పిల్లల మొహాలు ఇంకా పాడయ్యాయి.

ఒక్క గున్నమ్మ మొహం మాత్రం రెండు నెలల్లో తేటపడింది. దాలమ్మకి ఇదీ అనుమానమే!

"నిజం చెప్పవే. దాన్ని దొంగతనంగా కలిశావా? ఏం తాగించింది నీకు?"

"కలవలేదమ్మా. చుక్క గుడ్డతోనే తుడుచుకున్నాను. నేనే ఉతుక్కున్నాను. పొద్దునా సాయంత్రం మొహం కడుక్కున్నాను. నువ్వు చిదిమితే ఏమైందో చూశాను, ఇక చెయ్యి పెట్టి గిల్లలేదు. ఆవిడ గుమ్మంలోనూ గానుగ దగ్గరా చెప్పిన మాటే కదా, నువ్వు వినలేదు గానీ నేను విన్నాను."

మర్నాడు పొద్దున్నే దాలమ్మ కొండదిగువకి బయల్దేరింది. క్షమించమనడానికి కాదు సుమండీ. ఇందులో ఏం మాయ ఉందో తేల్చుకుందామని!

సన్నాసమ్మ జ్వరంతో చాప మీద ఉంది. చెల్లెలు చెంబుతో నీళ్లిచ్చింది. దాలమ్మ తాగలేదు. వాసన చూసి పక్కన పెట్టింది. సన్నాసమ్మ అది చూసింది.

"నా పిల్ల మొహం ఎలా పాడైంది? ఎలా బాగైంది? ఉన్నదున్నట్టు చెప్పు."

"మొటిమలు మూడు రకాలమ్మా. బియ్యపు నూకలా తెల్లగా ఉండేది ఒకటి. ఆవగింజలా నల్లగా ఉండేది ఇంకొకటి. ఆ నలుపు మురికి కాదు, తోమితే పోదు. ఎర్రగా లేచి చీము పట్టేది మూడోది. మొదటి రెండింటినీ గిల్లితే మూడోది అవుతుంది. మూడోదాన్ని గిల్లితే గుంట పడుతుంది."

"ఎవరి కన్నూ పడకుండానే వస్తాయా?"

"వయసొస్తే ఒంట్లోంచి నూనె దానంతటదే ఊరుతుంది తల్లీ. పైనుంచి మనమూ పులిమితే చర్మంలో సన్నటి బెజ్జాలు పూడిపోతాయి. అంటురోగం కాదు, ఒకరి నుంచి ఒకరికి రాదు. మెత్తగా కడుక్కోవాలి, మొహానికి వేరే గుడ్డ పెట్టుకోవాలి, చేతులు దూరంగా ఉంచాలి. అయినా కొందరికి వస్తాయి. వయసు గడిస్తే చాలామందికి తగ్గుతాయి."

"ఇంత తెలిసినదానివి ముందే చెప్పొచ్చు కదే!"

"మూడిళ్లలో చెప్పానమ్మా."

దాలమ్మకి తల కొట్టేసినట్టయింది. పక్కన పెట్టిన చెంబు తీసుకుని గటగటా తాగేసింది. "తప్పైపోయింది సన్నాసమ్మా. మా ఊరొచ్చెయ్."

"రావాలనే ఉంది తల్లీ. కాళ్లు రావడంలేదు."

"బండి తెస్తాను. ఎల్లుండికల్లా తెస్తాను, ఉండు."

తెచ్చింది. మెత్తగా ఉండాలని బండిలో గడ్డి పరిపించి మరీ తెచ్చింది. కొండదిగువ చేరేసరికి చాప ఖాళీగా ఉంది. ముందురోజే కాటికి తీసుకెళ్లిపోయామంది చెల్లెలు.

దాలమ్మ ఖాళీ బండితో తిరిగొచ్చి, ఊళ్లోవాళ్ల మొహం గుడ్డలన్నీ తన వాకిట్లో పోయించుకుంది. నల్లజీడి గింజ పట్టుకుని, సూదిమొన ముంచి చుక్కలు పెట్టసాగింది. ఆ జీడి పాలు పచ్చి నిప్పు. నాలుగో గుడ్డకి వేళ్లు బొబ్బలెక్కాయి. పదో గుడ్డకి బొబ్బలు చితికాయి.

"చాల్లేవే దాలమ్మా" అంది ఎర్రాయమ్మ.

"నాకు పది గుడ్డలకే ఇలా అయింది. అది ఊరందరికీ పెట్టింది. దాని నాలుక మీద మచ్చుందన్నాం గానీ, దాని వేళ్ల మీద ఏముందో ఒక్కళ్లమైనా చూశామా?" అని దాలమ్మ ఆ గుడ్డల మధ్య కూలబడి ఏడ్చింది.

ఇప్పటికీ గానుగపాలెంలో మొహం తుడుచుకునే గుడ్డకి మూల నల్ల చుక్క ఉంటుంది. దాన్ని సన్నాసమ్మ చుక్క అంటారు. ఏ ఇంట పిల్లకి మొటిమ లేచినా ఆ ఊళ్లో ఎవరి కన్ను పడింది, ఎవరి నోరు పడింది అని అడగరు. ఆ పిల్ల చెయ్యి మొహం మీంచి మెల్లగా దించి, "ఏ గుడ్డతో తుడిచావమ్మా?" అని అడుగుతారు.