నడుముకు ఉపదేశం

ఓబులేసుకు నడుం పట్టేసింది.

ఎట్ల పట్టేసిందంటే, వాడుండే ఆశ్రమానికి కొత్త రుబ్బురోలు వచ్చింది. దించడానికి ఇంకో ఇద్దరు రావాలని ఆటోవాడు మొత్తుకుంటూనే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే గుంతకల్లు నుంచి వచ్చిన భక్తులు వరండాలో కూచుని చూస్తున్నారు. అంతమంది చూస్తుంటే మన ఓబులేసు ఊరుకుంటాడా? "దీనికి ముగ్గురెందుకప్పా, జరుగు పక్కకు" అని పంచె ఎగ్గట్టి, వంగి, ఒక్క ఊపున ఎత్తాడు. రోలు లేచింది. ఓబులేసు మాత్రం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

నలుగురు పట్టుకుని మంచం మీదికి చేర్చారు. డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీయించి చూసి, ఎముకలకేం కాలేదని, కండరం బెణికిందని, ఒకట్రెండు రోజులు పడుకుని తర్వాత మెల్లగా తిరగమని చెప్పాడు. ఓబులేసు చెవికి అందులో 'పడుకో' అన్న మాట ఒక్కటే ఎక్కింది. నడుముకు ఒక బెల్టు కొని ఊపిరాడకుండా బిగించుకున్నాడు. అమావాస్య పోయి పున్నమి వచ్చింది, పున్నమి పోయి మళ్ళీ అమావాస్య వచ్చింది. వాడు మంచం దిగలేదు. పక్కకు తిరగాలంటే "అమ్మా", దగ్గాలంటే "అయ్యో". తుమ్ము వచ్చేట్టుంటే దేవుళ్ళందరికీ మొక్కుకునేవాడు.

వంట చేసే తిప్పక్క సంగటి ముద్ద మంచం దగ్గరికే తెచ్చిపెడుతూ, "ఏమప్పా బాలింతా, మంచం ఎప్పుడు దిగుతావు? తొట్టిల కట్టమంటావా?" అని ఏడిపించేది. ఓబులేసుకు నవ్వొచ్చేది. నవ్వినా నొప్పే.

నొప్పి ఒక ఎత్తు, లోపలి దిగులు ఒక ఎత్తు. ఆశ్రమానికి పెద్ద నింగప్ప తాత. డెబ్బై దాటిన మనిషి. ఏటా చలి తగ్గగానే ఊరూరూ తత్వాలు పాడుకుంటూ కాలినడకన తిరిగొస్తాడు. ఆయన వెనక మూట మోసుకుంటూ నడిచేది ఓబులేసే. ఆ నడక కోసమే వాడు మిగతా ఏడాదంతా ఎదురుచూసేది. ఈసారి చలి తగ్గుతోంది గానీ నడుము తగ్గడం లేదు. తాత ఇంకెవరినైనా వెంటబెట్టుకుని పోతాడేమో అనుకుంటేనే వాడికి ఏడుపొచ్చేది.

ఒకరోజు తాత వచ్చి మంచం పట్టె మీద కూచున్నాడు.

"టౌన్లో షంషాద్ అని ఒక డాక్టరమ్మ ఉంది. ఫిజియోథెరపీ చేస్తుంది. పోయి చూపించుకో."

తాత మాట కాదనలేక ఓబులేసు మూలుగుతూ ఆటో ఎక్కి పోయాడు. పోయినవాడు పోయినట్టే తిరిగొచ్చాడు.

"ఏం చెప్పిందిరా?"

"ఏముంది సామీ, చిన్నపిల్ల. సూది లేదు, మాత్ర లేదు. బెల్టు విప్పెయ్యమనె. కింద చాప పరిచి, అదేదో చేసి చూపిస్తానంటుంది. ఆ పిల్లచేష్టలకా నేనొచ్చింది అని లేచి వస్తిని."

"చూడను కూడా చూడలేదా?"

"గోడకు కొత్తరకం బెల్టులు తగిలించి ఉంటే వాటిని చూస్తా ఉంటిని."

తాత గడ్డం నిమురుకున్నాడు. ఓబులేసు రెండు చేతులూ జోడించాడు.

"ఈ వైద్యాలు నాకొద్దు సామీ. తెల్లారుజామున మీరు గదిలో తలుపేసుకుని ఏదో సాధన చేస్తారు. నాకు తెలుసు, బయటికి ఊపిరి వినిపిస్తుంది. ఈ వయసులో మీరు ఇట్ల నడుస్తున్నారంటే అదే కారణం. అది నాకు ఉపదేశం చెయ్యండి. లేదంటే నేను మా ఊరికి పోతా. మీ వెంట నడవలేనివాణ్ణి ఇక్కడుండి ఏం చేసేది?"



తాత వాడి జోడించిన చేతులు పట్టుకుని కిందికి దించాడు. "రేపు తెల్లారుజామున స్నానం చేసి రా. ఇది నాకు గురువు చెప్పిన విద్య. నేను కూడా రోజూ చేసేది అదే."

ఆ రాత్రి ఓబులేసుకు సంబరంతో నిద్ర పట్టలేదు.

గదిలో దీపం, ఊదుబత్తి. తాత తలుపు మూసి గడియపెట్టాడు. వాడి చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెప్పాడు.

"వెల్లకిలా పడుకో. మోకాళ్ళు మడిచి పాదాలు నేలకు ఆనించు. పొట్ట కొంచెం బిగించి, నడుం కింది భాగం మెల్లగా పైకెత్తు. ఊపిరి బిగబట్టొద్దు. అంతే మెల్లగా దించు. తర్వాత ఒక్కో మోకాలు రొమ్ము దగ్గరికి తెచ్చుకుని వదులు. పొద్దునా సాయంత్రం చెయ్. మిగతా పొద్దంతా మంచం జోలికి పోవద్దు. ఈరోజు గేటు దాకా నడువు. రేపు ఇంకొంచెం. ఆ బెల్టు తీసి అవతల పారెయ్."

"బెల్టు లేకుంటే నడుము విరిగిపోతుంది సామీ!"

"విరిగేదైతే రోలెత్తిన రోజే విరిగుండేది. అది బెదిరింది, అంతే. బెదిరిన దూడను కట్టేస్తే ఇంకా బెదురుతుంది. మెల్లగా తోలుకుపోయి తిప్పాల."

"నొప్పి లేస్తే?"

"లేస్తుంది. ఆ పూట తగ్గించి చెయ్, మానొద్దు. కాలు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా మాత్రం దాచొద్దు, పెద్దాసుపత్రికి పోదాం."

ఉపదేశంలోకి పెద్దాసుపత్రి ఎందుకొచ్చిందో ఓబులేసుకు అంతుపట్టలేదు. గురువు మాట గదా అని దానికి కూడా దండం పెట్టుకున్నాడు.

మొదటిరోజు నడుము బెత్తెడు కూడా లేవలేదు, ఒళ్ళంతా చెమట. అయినా గురువు చెప్పిన విద్య! పొద్దునా సాయంత్రం తప్పకుండా, తలుపేసుకుని, కళ్ళు మూసుకుని చేశాడు. గేటు దాకా నడిచినవాడు గేటు దాటాడు, రోడ్డు దాకా పోయాడు. మధ్యలో ఒకరోజు మళ్ళీ గట్టిగా పట్టింది. ఇంక నా పని అయిపోయిందని మంచం వైపు మళ్ళుతుంటే తిప్పక్క అడ్డమొచ్చింది. "తాత చెప్పిన విద్యలో మంచం కూడా ఉందా అప్పా?" అంది. వాడు సిగ్గుపడి వెనక్కి తిరిగాడు. ఆ పూట సగమే చేశాడు గానీ మానలేదు.

రోజులు గడిచే కొద్దీ నొప్పి సన్నబడింది. ఒకరోజు చెప్పులు వేసుకోవడానికి వంగి, వేసుకుని, లేచి నాలుగడుగులు వేశాక గానీ తాను వంగిన సంగతి వాడికి తట్టలేదు. అక్కడే నిలబడి పెద్దగా నవ్వాడు. నొప్పి లేకుండా నవ్వాడు.

పరిగెత్తినంత పని చేసి తాత దగ్గరికి పోయాడు.

"సామీ, ఈసారి మూట నాదే! ఇంకో మనవి. ఆ డాక్టరమ్మ దగ్గర నడుంనొప్పి వాళ్ళు బెంచీల నిండా కూచునున్నారు. పాపం, ఆ పిల్లకేం తెలుసు? ఈ విద్య ఆమెకు చెప్పి రానా? పదిమందికి మేలు."

తాత మొహం వెలిగిపోయింది. "చెప్పు నాయనా, తప్పకుండా చెప్పు. ఆమెకు తప్ప ఇంకెవరికీ చెప్పొద్దు."

ఓబులేసు టౌనుకు నడిచే పోయాడు. డాక్టరమ్మ వాణ్ణి గుర్తుపట్టి, "బెల్టు తీసేశారే, సంతోషం" అంది.

"నేను చూపించుకోవడానికి రాలేదమ్మా, చూపించడానికొచ్చినా. మా గురువు నింగప్ప తాత రహస్యంగా చెప్పిన విద్య. ఆ తలుపెయ్యమ్మా."

"తలుపెందుకన్నా? ఇక్కడ దాచేదేముంది? లోపల చాప ఉంది, చూపించండి."

ఓబులేసు మనసులోనే గురువుకు దండం పెట్టుకుని చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. మోకాళ్ళు మడిచాడు. పొట్ట బిగించి నడుము పైకెత్తాడు. అట్లా ఎత్తి, గొప్పగా, చూశావా అన్నట్టు పక్కకు తల తిప్పాడు.

పక్క చాప మీద ఒక ముసలమ్మ నడుము ఎత్తుకుని ఉంది. ఆమె అవతల కళ్ళద్దాల టీచరు ఒకాయన. ఆయన కూడా అంతే.

ఈ విద్య బయటికెట్ల పొక్కిందబ్బా అని ఓబులేసు నిజంగానే కంగారుపడ్డాడు.

"బాగా చేస్తున్నారన్నా" అంది డాక్టరమ్మ. "ఆ రోజు నేను చూపించబోయింది ఇదే. మీ తాతకు నడుము ఇప్పుడెట్లుంది? పోయిన వానల్లో నడుంనొప్పని ఒక్కరే వచ్చి, ఈ చాప మీదే నేర్చుకుని పోయినారు. ఒక్క మాట ఎదురడగలేదు. 'రోజూ చెయ్యాలా తల్లీ?' అన్నారు, అంతే."

ఓబులేసు ఎత్తిన నడుము మెల్లగా దించాడు.

దారి పొడవునా వాడికి సిగ్గు ఒకపక్క, నవ్వు ఒకపక్క. ఆశ్రమం చేరేసరికి తాత వరండాలో కూచుని ప్రయాణానికి మూట కడుతున్నాడు.

"సామీ, మీకు చెప్పిన గురువంటే ఆయమ్మేనా?"

"నాకు తెలియంది చెప్పింది గదా."

"మరి ఆ దీపం, తలుపుకు గడియ, చెవిలో చెప్పడం... ఇంత చిన్న విద్యకు అదంతా ఎందుకు సామీ?"

తాత ముడి బిగించి మూట వాడి చేతికిచ్చాడు.

"ఆయమ్మ తలుపు తీసి చెప్తే నువ్వు లేచి వచ్చేస్తివి గదరా."