డ్రైవరు సీట్లో నలుగురు

జొన్నలపాడులో అంకారావు అనే ఆటో డ్రైవరు ఉండేవాడు. అతనికి తాగుడు లేదు, దుడుకుతనం లేదు, కానీ ఎవరినీ కాదనలేని మొహమాటం మాత్రం నిలువెల్లా ఉండేది.

మొహమాటం కూడా ఒక లోపమేనా అని మీరు అడగొచ్చు. పెళ్లి భోజనంలో ఇంకో గరిటె పప్పు వడ్డిస్తుంటే వద్దనలేకపోయారనుకోండి, మహా అయితే కడుపు ఉబ్బుతుంది. ఆటో నడిపేవాడికి ఉంటే సంగతి వేరు. ఆ సంగతే చెబుతాను, వినండి.

మాఘమాసం రాగానే ఆ చుట్టుపక్కల మిరపకోతలు ఊపందుకునేవి. ఆడవాళ్లు ముఠాలుగా కోతకి వెళ్లేవాళ్లు. ప్రతి ముఠాకీ ఒక మేస్త్రి ఉంటుంది. ఏ చేనుకి ఎంతమంది రావాలో రైతుతో మాట్లాడేదీ, ఆటో కుదిర్చేదీ ఆమే. జొన్నలపాడు ముఠాకి మేస్త్రి మార్తమ్మ. ఎండ ముదరకముందే నాలుగు కాయలు ఎక్కువ కోయాలని అందరూ పొద్దున్నే బయల్దేరేవాళ్లు. ఆలస్యమైతే రైతు గట్టు మీద నిలబడి గొణిగేవాడు. అందుకని ముఠా మొత్తం ఒక్క ట్రిప్పులోనే పోవాలి. అక్కడి పద్ధతి అది. పద్ధతి అన్నాను గానీ మంచి పద్ధతి అనలేదు.

అంకారావు ఆటోలో ముగ్గురే ఎక్కాలని బండి కాగితాల్లో రాసి ఉంది. ఆ కాగితాలు ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉండేవి, ఎవరూ తీసి చూసేవాళ్లు కాదు. వెనక సీట్లో నలుగురు కూర్చునేవాళ్లు. వాళ్లకి ఎదురుగా అడ్డంగా వేసిన చెక్క మీద ముగ్గురు. సామాను పెట్టే చోట ఇద్దరు. అదీ నిండాక డ్రైవరు సీటు మిగిలేది. అంకారావు మధ్యలో ఇరుక్కుని కుడి పక్క ఒకరిని, ఎడమ పక్క ఒకరిని కూర్చోబెట్టుకునేవాడు.

"మా అంకారావు మనసు వెన్న," అని ముఠాలో అందరూ చెప్పుకునేవాళ్లు. "పక్క ఊరి ఆటోవాళ్లు చోటు లేదని మొహం మీదే అంటారు. ఇతని నోట ఆ మాటే రాదు."

ఈ పొగడ్త ఉంది చూశారూ, నాకు ఒళ్లు మండేది దాని దగ్గరే. మనిషిని చెడగొట్టాలంటే తిట్టక్కర్లేదు, ఇలా నాలుగు రోజులు పొగిడితే చాలు. అంకారావు ఆ మాటలు విని మురిసిపోయేవాడు. మర్నాడు ఇంకొకరికి చోటు చేసేవాడు.

అతని భార్య తిరపతమ్మ మాత్రం ఊరుకునేది కాదు.

"అంతమందిని కుక్కితే హ్యాండిల్ ఎట్లా తిరుగుద్దయ్యా?" అని అడిగేది.

"నేను మెల్లగానే పోతాగా," అనేవాడు అంకారావు.

"మెల్లగా పోతే మాత్రం బండి తిరగనక్కర్లేదా?"

"అలవాటైపోయిందిలేవే," అని చొక్కా తగిలించుకుని బయటపడేవాడు. నిజంగానే అతను మెల్లగా నడిపేవాడు. ముప్పై దాటేవాడు కాదు. మెల్లగా పోతున్నాను కాబట్టి ఎంతమందినైనా ఎక్కించుకోవచ్చని అతని లెక్క. ఆ లెక్క తప్పని చెప్పేవాళ్లు ఇంట్లో ఒక్కరే ఉండేవాళ్లు, వినేవాళ్లు లేరు.

ఆ ఊళ్లోనే సలోమి అనే అమ్మాయి ఉండేది. పోలీసు కానిస్టేబుల్ రాతపరీక్ష మొదటి విడత గట్టెక్కింది. ఇక పరుగు పరీక్ష మూడు వారాల్లో ఉంది. పదహారు వందల మీటర్లు, ఇన్ని నిమిషాల్లో పూర్తి చెయ్యాలని నిబంధన. రోజూ చీకటితోనే లేచి కాలువ కట్ట మీద పరిగెత్తేది. మొదట్లో ఊళ్లోవాళ్లు నవ్వారు. తర్వాత ఆమె వేగం చూసి నవ్వడం మానేశారు. ఆమె పాత బూట్లకి అడుగు ఊడిపోయింది. కొత్తవి కొనుక్కోవడానికి వారం రోజులు కోతకి పోదామనుకుంది. మార్తమ్మ సరే రమ్మంది.

మొదటిరోజు సలోమి పరుగు ముగించుకుని వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది. ఆటో అప్పటికే కదలబోతోంది. లోపల పదకొండుమంది ఉన్నారు. డ్రైవరు సీట్లో అంకారావుకి ఎడమ పక్కన మార్తమ్మ ఒళ్లో అన్నం క్యారియర్ పెట్టుకుని కూర్చుంది. కుడి పక్కన ఇంకో ఆమె ఉంది.

"బాబాయ్, నేనూ వస్తా," అంది సలోమి ఆయాసపడుతూ.

అంకారావు బండి వంక చూశాడు. ఈసారి అతనికే అనిపించింది, చోటు లేదని. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ సలోమి వాళ్ల నాన్నతో అతనికి చిన్నప్పటి నుంచీ స్నేహం. కూతురిని రోడ్డు మీద వదిలేసి పోయాడని తెలిస్తే ఏమనుకుంటాడో అనుకున్నాడు. ముఠా ఏమనుకుంటుందో అనుకున్నాడు. ఆ అమ్మాయి ఏమనుకుంటుందో అనుకున్నాడు. ఇంతమంది గురించి అనుకున్నవాడు హ్యాండిల్ గురించి ఒక్క క్షణం అనుకోలేదు.

"మార్తమ్మక్కా, కాస్త ఇటు జరుగు," అన్నాడు.

మార్తమ్మ జరిగింది. సలోమి సీటు అంచున సగం కూర్చుని, ఎడమ కాలు బయటికి పెట్టి, పైన కమ్మీ పట్టుకుంది. డ్రైవరు సీట్లో నలుగురయ్యారు.

ఊరు దాటాక మార్తమ్మ అంది, "అంకారావూ, నీ హ్యాండిల్ నా క్యారియర్‌కి తగుల్తోంది."

"రెండు కిలోమీటర్లేగా, సర్దుకో అక్కా."

"నేను సర్దుకుంటాలే, నీకు తిరుగుద్దా అని."

"తిరుగుద్ది తిరుగుద్ది," అన్నాడు అంకారావు.

కాలువ వంతెన దగ్గర రోడ్డు మలుపు తిరుగుతుంది. అవతలి నుంచి ట్రాక్టరు వస్తోంది. దాని వెనక ట్రక్కు నిండా మిరపకాయల బస్తాలు ఉన్నాయి. నడిపేది నాగూర్ అనే అతను. అతను తన వైపునే వస్తున్నాడు, హారన్ కూడా కొట్టాడు. అంకారావు ఆటోని ఎడమకి తియ్యబోయాడు. హ్యాండిల్ కొంత తిరిగి క్యారియర్‌కి తగులుకుని ఆగిపోయింది. ఎదర ట్రాక్టరు దగ్గరికొస్తోంది. భయంతో బలంకొద్దీ లాగాడు. క్యారియర్ జారి కింద పడింది. అడ్డు పోయేసరికి హ్యాండిల్ ఒక్కసారిగా పూర్తిగా తిరిగిపోయింది. ఆటో రోడ్డు అంచు దాటి, ఎడమ చక్రం పల్లంలోకి దిగి, ఆ పక్కకే పడిపోయింది.

వేగం లేదు. అయినా పదమూడుమంది బరువు, బండి బరువు కలిసి ఒక పక్కకి ఒరిగితే వేగంతో పనేముంది? ఒకరికి తల పగిలింది, ఇద్దరికి చేతులు బెణికాయి, మిగతావాళ్లు గీరుకుపోయి లేచారు. సలోమి లేవలేదు. బయటికి పెట్టిన కాలు ఆటో కమ్మీ కింద ఉండిపోయింది.

నాగూర్ ట్రాక్టరు ఆపి పరిగెత్తుకొచ్చాడు. అందరూ కలిసి ఆటో ఎత్తారు. అతను బస్తాలు కొన్ని రోడ్డు పక్కన దించి, ట్రక్కులో గోనెలు పరిచి, సలోమిని, తల పగిలిన ఆమెని ఆసుపత్రికి తీసుకుపోయాడు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగిందని డాక్టరు చెప్పాడు.

"మూడు వారాల్లో పరుగు పరీక్ష ఉందండీ," అంది సలోమి.

డాక్టరు ఆ అమ్మాయి మొహంలోకి చూశాడు. "మూడు నెలలదాకా నడక కూడా కర్రతోనే తల్లీ," అన్నాడు. సలోమి గోడవైపు తిరిగి ఏడ్చింది.

మధ్యాహ్నం ఎస్సై వచ్చాడు. ఆసుపత్రి వరండాలో ముఠా అంతా నిలబడి ఉంది.

"డ్రైవరు పక్కన ఎంతమంది కూర్చున్నారు?" అని అడిగాడు.

మార్తమ్మ చేతికి కట్టు కట్టించుకుని ఉంది. "ఎవరూ లేరండీ. అతనొక్కడే కూర్చున్నాడు. ఆ ట్రాక్టరే మీదకొచ్చింది," అంది. మిగతావాళ్లు అవునన్నట్టు తలలూపారు. అంకారావు మంచివాడు కదా, ఇన్నాళ్లూ అందరినీ మోశాడు కదా, కేసులో ఇరికిస్తామా అని వాళ్ల మొహమాటం.

వరండా చివర నాగూర్ నిలబడి ఉన్నాడు. అతని చొక్కా మీద సలోమి రక్తం ఇంకా ఆరలేదు. ఆ మాట విని అతను రెండడుగులు ముందుకొచ్చాడు.

అంకారావు నాగూర్ వంక చూశాడు. ఊరుకుంటే తను బయటపడతాడు. తన కోసం అబద్ధమాడిన ఆడవాళ్లు కూడా బాగుంటారు. నాగూర్ లోపలికి పోతాడు. కాదంటే ముఠా ముందు మార్తమ్మ పరువు పోతుంది. ఇదీ అతను ఏళ్ల తరబడి పడుతున్న ఇరుకే.

"కాదు సార్," అన్నాడు. "ఆ సీట్లో మేం నలుగురం కూర్చున్నాం. హ్యాండిల్ తిరగలేదు. ఆ నాగూర్ తన దారిన తను వచ్చాడు. తప్పు నాది."

మార్తమ్మ అతని వంక చురుగ్గా చూసి మొహం తిప్పుకుంది. ఎస్సై రాసుకున్నాడు. అంకారావు మీద కేసు అయ్యింది, లైసెన్సు కొన్ని నెలలు పక్కన పెట్టేశారు. ఆటో స్టేషను ఆవరణలో ఎండకి ఎండింది. అంకారావు కూలికి పోయి ఇల్లు గడిపాడు.

పరుగు పరీక్ష రోజు వచ్చింది, పోయింది. సలోమి మంచం మీదే ఉంది. మళ్లీ ఉద్యోగాల ప్రకటన ఎప్పుడు పడుతుందో, అప్పటికి వయసు పరిమితి దాటుతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ సాయంత్రం అంకారావు నాలుగు బత్తాయిలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. సలోమే లోపలికి రమ్మంది.

"నిన్ను కాదనలేకపోయానమ్మా," అన్నాడు అంకారావు. "చోటు లేదంటే బాధపడతావని ఎక్కించుకున్నా. నీ మేలు కోరే చేశానమ్మా."

సలోమి పిండికట్టు మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా అడిగింది, "బాబాయ్, ఆ రోజు నన్ను ఎక్కొద్దని ఉంటే ఏమయ్యేది?"

జవాబు కూడా ఆమే చెప్పింది.

"నాకు కోపం వచ్చేది. ఇంటికొచ్చి అమ్మతో చెప్పి రెండు రోజులు నిన్ను తిట్టుకునేదాన్ని. మూడో రోజు మర్చిపోయేదాన్ని. ఇవాళ గ్రౌండులో పరిగెత్తి ఉండేదాన్ని."

అంకారావుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. బత్తాయిలు మంచం పక్కన పెట్టి బయటికి వచ్చాడు. ఆ అమ్మాయి తిట్టి ఉంటే తట్టుకునేవాడేమో. తిట్టకుండా చెప్పిన మాట అతన్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

లైసెన్సు తిరిగి వచ్చిన రోజే అంకారావు ఆటోని వెల్డింగ్ షాపుకి తోలుకెళ్లాడు. డ్రైవరు సీటుకి రెండు పక్కలా ఇనుప కమ్మీ అడ్డం పెట్టించాడు. వెనక చెక్క ఊడదీయించాడు. మళ్లీ కోతలు మొదలయ్యే రోజులకి మార్తమ్మ దగ్గరికి పోయి, "ముగ్గురు చొప్పున ఎన్ని ట్రిప్పులైనా తిప్పుతా. ఇంకా ముందు బయల్దేరదాం. అలా ఇష్టమైతేనే పిలువు," అన్నాడు.

"కమ్మీలు పెట్టించి పెద్ద దొరవయ్యావే," అంది మార్తమ్మ.

"అవునక్కా," అన్నాడు అంకారావు. అంతకుమించి సంజాయిషీ చెప్పలేదు.

కొందరు అతనికి పొగరెక్కిందన్నారు. ఒక ముసలాయన సంత రోజున చోటు లేదన్నందుకు నడిరోడ్డు మీద నిలబెట్టి కడిగేశాడు. అంకారావు మొత్తం విని, దండం పెట్టి, బండి తీశాడు. మనసు చివుక్కుమనలేదని కాదు. కానీ ఆ రోజు ఆటో ఎక్కిన ముగ్గురూ ఎక్కినట్టే దిగారు. తిట్టిన ముసలాయన కూడా వెనకొచ్చిన బస్సులో తిట్టుకుంటూనే క్షేమంగా ఇల్లు చేరాడు.

నీతి: బండి నడిపేవాడు మొహమాటానికి పోకూడదు, పట్టేంతమందినే ఎక్కించుకోవాలి, డ్రైవరు సీట్లో డ్రైవరు ఒక్కడే కూర్చోవాలి, ఎందుకంటే కాదన్నందుకు వచ్చే కోపం రెండు రోజుల్లో పోతుంది, కాదనలేనందుకు పోయిన కాలూ ప్రాణమూ తిరిగి రావు.